లెక్క పెరిగింది, కొత్త కణాలు పెరగలేదు: థైమస్ సరిగా ఏర్పడని ఒక పసివాడి కేసు

పిల్లల్లో రోగనిరోధక లోపాలు చూడటం నా పని. ఈ కేసు రాయడానికి కారణం ఇందులో రక్తపరీక్ష మమ్మల్ని రెండుసార్లు తప్పుదారి పట్టించడమే. ఆ లెక్క టి కణాలది. క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలవి, ఛాతీలో ఉండే థైమస్ అనే గ్రంథిలో ఎదుగుతాయి. మొదట వాటి లెక్క తక్కువగా ఉండి, ఆ తర్వాత అదే లెక్క పెరిగి. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

తల్లి తన సొంత మేనమామనే పెళ్లాడింది. రెండో కాన్పు. మొదటి పాప ఆరోగ్యంగా ఉంది. బాబు నెలలు నిండాకే పుట్టాడు, బరువు 2.6 కిలోలు. మూడో రోజున ఫిట్స్ వచ్చాయి. కాల్షియం చూస్తే 6.1, బాగా తక్కువ. గుండె చప్పుడులో తేడా వినిపించి ఎకో తీస్తే ట్రంకస్ ఆర్టీరియోసస్ అని తేలింది. అంటే గుండె నుంచి రెండుగా బయటికి రావాల్సిన పెద్ద రక్తనాళం ఒకటిగానే ఉండిపోయింది. 16వ రోజున గుండె ఆపరేషన్ జరిగింది. 22వ రోజున పాలు మొదలుపెట్టగానే ఛాతీలో పెట్టిన డ్రెయిన్ గొట్టంలోకి తెల్లగా, పల్చటి మజ్జిగలాంటి ద్రవం రావడం మొదలైంది. కైలోథొరాక్స్. లింఫు నాళానికి దెబ్బ తగిలి, రక్తంలోకి తిరిగి చేరాల్సిన లింఫు ఛాతీలోకి కారుతోందన్నమాట.

నన్ను పిలిచేసరికి బాబుకు 38 రోజులు. నోట్లో తెల్లపూత మందులకు లొంగడం లేదు. విరేచనాలు ఆగడం లేదు. మొత్తం తెల్ల రక్తకణాలు 9,800, అందులో లింఫోసైట్లు (టి కణాలు ఈ రకంలోవే) 8 శాతం. అంటే 784. ఆ వయసులో 2,500 కంటే తగ్గితేనే మేం ఉలిక్కిపడతాం.

మా ముందున్న ప్రశ్న

లింఫోసైట్లను రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీలో టి కణాలు 310 వచ్చాయి. వాటిలోని రెండు రకాలు, సీడీ4 205, సీడీ8 88. మిగతా లింఫోసైట్లు, అంటే బి కణాలు, ఎన్‌కే కణాలు పర్వాలేదు. టి కణాలు ఒక్కటే ఇంతలా పడిపోవడానికి నాలుగు కారణాలు ఎదురుగా కనిపిస్తున్నాయి. ఒకటి కైల్, అంటే ఛాతీలోకి కారుతున్న ఆ తెల్లటి లింఫు. లింఫులో ఉండేవి ఎక్కువగా టి కణాలే కాబట్టి రోజుల తరబడి అది కారిపోతే రక్తంలో తగ్గుతాయి. రెండు, ఆపరేషన్‌లో థైమస్ తీసేయడం. పసిపిల్లల్లో థైమస్ గుండె మీద దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. గుండె కనిపించాలంటే సర్జన్లు దాన్ని కొంతో పూర్తిగానో తీయక తప్పదు. మూడు, థైమస్ పుట్టుకతోనే సరిగా ఏర్పడకపోవడం, అంటే డైజార్జ్ సిండ్రోమ్. నాలుగు, స్కిడ్. అందులో ఎముక మజ్జ నుంచి వచ్చే మూలకణాలకే టి కణాలుగా ఎదిగే శక్తి ఉండదు.

కాల్షియం, గుండె లోపం రెండూ కలిస్తే డైజార్జ్ వైపే వేలు చూపిస్తాయి. కాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ గ్రంథులు, థైమస్, గుండె నుంచి బయటికొచ్చే రక్తనాళాలు గర్భంలో గొంతు దగ్గరే, పక్కపక్కనే రూపుదిద్దుకుంటాయి. అయినా మేనరికం అనేసరికి మాలో ఒకరికి స్కిడ్ అనుమానం బలపడింది. అది తీసిపారేయాల్సిన అనుమానం కాదు.

ఆ సాయంత్రం నేను చేసిన పని ఒకటే. పాత కాగితాలన్నీ మంచం మీద పరిచి, పుట్టిన నాలుగో రోజు రిపోర్టు వెతికాను. ఆపరేషన్‌కు 12 రోజుల ముందుది. మొత్తం కణాలు 11,200, పక్కన 'నార్మల్' అని టిక్కు. కింద లింఫోసైట్లు 14 శాతం. గుణిస్తే 1,568. కైల్ కారకముందే, సర్జన్ కత్తి తగలకముందే తక్కువ. మొత్తం సంఖ్య బాగుండటంతో ఆ శాతాన్ని ఎవరూ గుణించి చూడలేదు. అప్పటి నుంచి మా వార్డులో ప్రతి పసిబిడ్డ రిపోర్టు మీద పెన్నుతో ఆ గుణకారం వేయిస్తున్నాను. పైసా ఖర్చు లేని పరీక్ష అది.

ఆపరేషన్ నోట్సులో 'థైమస్ తొలగించాం' అని ఉంది. సర్జన్‌కు ఫోన్ చేశాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ వాక్యం మా ఫారంలో ముందే అచ్చయి ఉంటుంది మేడమ్. ఈ బాబుకైతే తీయడానికి పెద్దగా ఏమీ కనిపించలేదు," అన్నారు. కాగితం చెప్పింది ఒకటి, కన్ను చూసింది ఒకటి. ఆ ఫోన్ చేయకపోతే థైమస్ ఉండేది, తీసేశారు అన్న నమ్మకంతోనే చాలా దూరం వెళ్లేవాళ్లం.

ముందు కాపుదల

కారణం తేలేదాకా ఆగలేం. టి కణాలు లేని బిడ్డకు మామూలు రక్తం ఎక్కిస్తే అందులోని దాత లింఫోసైట్లు బిడ్డ ఒంటి మీదే దాడి చేయగలవు. అందుకే ఇకపై ఇర్రేడియేట్ చేసిన, అంటే రేడియేషన్‌తో ఆ లింఫోసైట్లు చీలకుండా చేసిన రక్తమే అని ఫైలు మీద రాశాం. ఆపరేషన్ సమయంలో ఎక్కించినది మామూలు రక్తమే కాబట్టి, ఒంటి మీద దద్దుర్లు ఏమైనా వస్తాయేమోనని రోజూ చూశాం. న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్, నోటిపూతకు ఫ్లూకొనజోల్ మొదలుపెట్టాం. కైల్‌తో పాటు యాంటీబాడీలూ పోతాయి కాబట్టి ఇమ్యూనోగ్లోబ్యులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు ఇచ్చాం. హెచ్‌ఐవీ పీసీఆర్ నెగెటివ్ వచ్చింది.

ఈ బాబుకు కలిసొచ్చినది ఒకటుంది. మన దేశంలో బీసీజీ, అంటే క్షయకు వేసే జీవమున్న టీకా, పుట్టగానే వేస్తారు. ఫిట్స్‌తో నేరుగా ఐసీయూకి పోవడం వల్ల ఇతనికి పడలేదు. టి కణాలు లేని ఒంట్లో బీసీజీ బతికి ఒళ్లంతా పాకుతుంది. అలా పాకిన పిల్లల్ని చూశాను కాబట్టి, ఆ రోజే టీకాల కార్డు తీసుకుని బీసీజీ, పోలియో చుక్కలు, రోటా గడుల మీద ఎర్ర పెన్నుతో గీతలు కొట్టాను. సూది పోలియో, పెంటావాలెంట్ లాంటి, జీవం లేని టీకాలు టైముకు వేయమన్నాను. పల్స్ పోలియో చుక్కలు అక్క వేసుకున్నా ఆ వైరస్ తమ్ముడికి చేరొచ్చని తల్లికి విడిగా చెప్పాల్సి వచ్చింది.

ఆక్ట్రియోటైడ్ మందుతో, లింఫులోకి పెద్దగా చేరని కొవ్వుండే ఎంసీటీ పాలపొడితో 41వ రోజుకి కైల్ ఆగి, డ్రెయిన్ తీశాం. 50వ రోజుకి, క్రోమోజోమ్‌లో ముక్క పోయిందేమో చూసే ఫిష్ పరీక్ష రిపోర్టు వచ్చింది. 22వ క్రోమోజోమ్‌లో 22క్యూ11.2 దగ్గర ముక్క లేదు. డైజార్జ్ నిజమే.

ఆ సంగతి చెప్పిన రోజు అమ్మమ్మ గదిలో ఒక మూల నిలబడి ఉంది. "నా తమ్ముడికే ఇచ్చుకున్నానమ్మా. బిడ్డ ఇలా అయింది నా వల్లే," అంది. తల్లిదండ్రులిద్దరికీ ఫిష్ చేయించి, ఇద్దరికీ మామూలుగానే ఉందని చూపించాను. ఈ మార్పు పదింట తొమ్మిది కేసుల్లో ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది. మేనరికం చేసిన ఇంట్లో ఎంత వస్తుందో చేయని ఇంట్లోనూ అంతే వస్తుంది. ఈ మాట మూడుసార్లు చెప్పాను. మూడోసారికి ఆవిడ కుర్చీలో కూర్చుంది.

స్కిడ్ కాదని తేలడం వైద్యం దిశనే మార్చేసింది. తండ్రి వరి రైతు. ఆయనకు నేను చెప్పింది ఇలా: స్కిడ్‌లో పాడయ్యేది విత్తనం, కాబట్టి ఎముక మజ్జ మార్చి మంచి విత్తనం ఇస్తాం. మీ బాబుకి విత్తనం బాగానే ఉంది, నారుమడే లేదు, లేదా బాగా చిన్నది. అలాంటప్పుడు ఎంత మంచి మజ్జ ఇచ్చినా, ఆ మూలకణాలు టి కణాలుగా ఎదిగే చోటు ఉండదు. పూర్తిగా థైమస్ లేని పిల్లలకు థైమస్ కణజాలాన్నే అమర్చాలి. గుండె ఆపరేషన్లలో వేరే పిల్లల నుంచి తీసిన ముక్కల్ని ల్యాబులో పెంచి తొడ కండరంలో పెడతారు. అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. లండన్‌లోనూ చేస్తారు. మా బాబు విషయంలో అసలు తేలాల్సింది అదే: నారుమడి లేదా, చిన్నదా?

నేను పడిన పొరపాటు

70వ రోజున టి కణాలు 1,180కి చేరాయి. 310 నుంచి 1,180! నేను తండ్రిని పిలిచి, "థైమస్ పుంజుకుంటోంది, భయం తగ్గింది," అనేశాను. కొత్త కణాలను విడిగా లెక్కించే పరీక్షకు శాంపిల్ వేరే నగరానికి, ఒక రోజు లోపలే చేరాలి. ఖర్చు కూడా. ఆ రిపోర్టు ఇంకా రాకముందే ఆ మాట అన్నాను. అది తొందరపాటు.

వారానికి రిపోర్టు వచ్చింది. 1,180లో థైమస్ నుంచి కొత్తగా వచ్చి, ఇంకా ఏ క్రిమినీ చూడని కణాలు, అంటే సీడీ45ఆర్‌ఏ, సీడీ62ఎల్ అనే గుర్తులు రెండూ ఉన్న నైవ్ కణాలు, 74 మాత్రమే. ఆరు శాతం. ఆ వయసు బిడ్డకు పదింటిలో ఎనిమిదో తొమ్మిదో ఉండాలి. మిగిలిన 1,100 ఎక్కడివి? ముందు తల్లి కణాలేమోనని చూశాం, కావు. అవి ఉన్న కొద్ది కణాలే చీలి చీలి పెరిగినవి.

ఇక్కడ థైమస్ పనితీరు కాస్త చెప్పాలి. టి కణాల సంఖ్యను నిలబెట్టేవి రెండు. ఒకటి థైమస్ నుంచి వచ్చే కొత్త సరఫరా. అక్కడ పుట్టే కణాల్లో నూటికి 95కి పైగా పరీక్షల్లో తప్పి అక్కడే చనిపోతాయి. మన ఒంటిని గుర్తుపట్టనివి, మన ఒంటి మీదే విరుచుకుపడేవి రాలిపోతాయి. మిగిలినవే బయటికి వస్తాయి. రెండోది బయట ఉన్న కణాలు తమంతట తాము చీలడం. ఈ రెండోదాన్ని నడిపేది ఇంటర్‌ల్యూకిన్-7 అనే ప్రొటీన్. దాని సరఫరా దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది, తినే కణాల సంఖ్యే మారుతుంది. కణాలు నిండుగా ఉంటే ఒక్కోదానికి కొంచెమే దక్కి, బతకడానికి సరిపోతుంది. కణాలు తక్కువైతే అది మిగిలిపోయి, ఉన్నవి పుష్కలంగా తిని చీలడం మొదలుపెడతాయి.

చాలామంది డాక్టర్లు కూడా అనుకునేది, రక్తంలో టి కణాలు తగ్గితే థైమస్ అది గమనించి ఎక్కువ తయారు చేస్తుందని. అలా జరగదు. ఎలుకల్లో అదనపు థైమస్‌లు అమర్చి చూసిన ప్రయోగాల్లో, థైమస్ కణజాలం ఎంత ఉంటే అంత ఉత్పత్తి అయింది తప్ప, రక్తంలో ఎన్ని ఉన్నాయన్నది థైమస్ పట్టించుకోలేదు. లెక్క సరిచేసే పని బయట, కణాల మధ్యే జరుగుతుంది. అందుకే కేవలం మొత్తం సంఖ్య చూసి థైమస్ సంగతి చెప్పలేం. నేను చెప్పాను.

తండ్రిని మళ్లీ కూర్చోబెట్టి నా మాట తప్పని ఒప్పుకున్నాను. ఆయన వెంటనే అర్థం చేసుకున్నారు. "అంటే పిలకలేసిందన్నమాట మేడమ్. నారు చాలక పలచగా నాటితే ఒక్కో మొక్క ఎక్కువ పిలకలేస్తుంది. గట్టు మీద నుంచి చూస్తే చేను నిండుగానే ఉంటుంది. మొదళ్లు లెక్కపెడితేనే తెలుస్తుంది." ఇరవై ఏళ్లుగా విద్యార్థులకు ఈ సంగతి చెబుతున్నాను, ఇంత తేటగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. పిలకలన్నీ ఆ మొదటి మొక్కలవే, రకం మారదు. చీలి పెరిగిన టి కణాలు కూడా అంతే. పాత కణాలు గుర్తుపట్టే కొద్దిపాటి క్రిములనే అవీ గుర్తుపడతాయి. కొత్త క్రిమి వస్తే దానికి సరిపడే కణం ఆ గుంపులో ఉండకపోవచ్చు.

మొదళ్లు లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది, ట్రెక్ పరీక్ష. థైమస్‌లో టి కణం తన గ్రాహకాన్ని తయారు చేసుకునేటప్పుడు డీఎన్‌ఏలోంచి ఒక చిన్న ముక్క తెగి ఉంగరంలా చుట్టుకుంటుంది. కణం రెండుగా చీలినప్పుడు ఆ ఉంగరం రెండవదు, ఇద్దరు పిల్లల్లో ఒకరికే దక్కుతుంది. ఎన్నిసార్లు చీలితే ఉంగరాలున్న కణాల వాటా అంత పడిపోతుంది. మా బాబు ట్రెక్ బాగా తక్కువ, కానీ సున్నా కాదు. టి కణాలను చీలేలా చేసే పీహెచ్‌ఏ అనే పదార్థంతో ప్రేరేపించినప్పుడు కణాలు నీరసంగానైనా చీలాయి.

విదేశానికా, ఎదురుచూపా

పూర్తి డైజార్జ్ అనడానికి సాధారణంగా వాడే గీత, నైవ్ టి కణాలు 50 లోపు లేదా మొత్తం టి కణాల్లో 5 శాతం లోపు. మాకు 74, ఆరు శాతం. గీతకు ఇవతలే, కానీ అడుగు దూరంలో. చెవిలో ఆ మాట పడగానే పొలం అమ్మేసి అయినా లండన్ తీసుకెళ్తానన్నారు తండ్రి. నేను ఆపాను. నా తర్కం ఇది. 74 కణాలు ఎక్కడో తయారవుతున్నాయి, ట్రెక్ ఉంది. ఈ బిడ్డ ఇప్పటిదాకా ఆపరేషన్ ఒత్తిడిలో, కైల్ నష్టంలో ఉన్నాడు. ఒత్తిడికి థైమస్ ముడుచుకుపోతుందన్నది తెలిసిన సంగతే. గీత దగ్గర ఒక్కసారి చూసిన అంకెకంటే, అది ఎటు పోతోందన్నదే ముఖ్యం. రెండు నెలల్లో మళ్లీ చూస్తాం. అప్పటికి 50కి దిగినా, దద్దుర్లతో లింఫు కణుపులు ఉబ్బినా, ఒక్క రోజు ఆగకుండా లండన్‌కు ఉత్తరం రాస్తానని చెప్పాను. ఉత్తరం రాసి ఉంచాను కూడా.

నాలుగో నెలలో మొత్తం టి కణాలు 1,260, నైవ్ 150. ఆరో నెలలో 1,310, నైవ్ 290. తొమ్మిదో నెలలో 1,420, నైవ్ 455. మొత్తం సంఖ్య పెరిగింది 240 మాత్రమే, కొత్త కణాలు ఆరింతలయ్యాయి. అంటే కొత్త నారు వచ్చే కొద్దీ ఇంటర్‌ల్యూకిన్-7ను అది పంచుకుంది, పిలకలు తగ్గాయి. మొత్తం సంఖ్య మాత్రమే చూసేవాళ్లకు ఆ ఆరు నెలల్లో ఏమీ జరగనట్టే. నిజానికి జరగాల్సిందంతా అప్పుడే జరిగింది. ఆ ఉత్తరం ఇంకా నా డ్రాయరులోనే ఉంది.

పదో నెలలో కోట్రైమాక్సజోల్ ఆపాం. అంతకుముందే ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఆపి, ధనుర్వాతం టీకాకు యాంటీబాడీలు బాగా వచ్చాయని చూసుకున్నాం. సీడీ4, సీడీ8 సంఖ్యలు, పీహెచ్‌ఏ స్పందన బాగున్నాకే 16 నెలలకు తట్టు-రుబెల్లా టీకా వేయించాను. బీసీజీ వేయలేదు. జాతీయ పట్టికలోనే అది ఏడాది లోపు వేసేది, ఆ సూక్ష్మజీవి ఒంట్లో ఏళ్ల తరబడి దాగుండగలదు. అప్పటికి లాభం కన్నా భయమే ఎక్కువ అనిపించింది.

మెడలో గడ్డ

ఏడో నెలలో ఎడమ మెడ కింద, థైరాయిడ్ దిగువన, చిక్కుడు గింజంత మెత్తటి గడ్డ తగిలింది. వేరే చోట చూపిస్తే కణుపు అని, తీసి బయాప్సీకి పంపుదామని తేదీ ఇచ్చారు. తల్లి ముందురోజు ఫోన్ చేసింది కాబట్టి సరిపోయింది. అల్ట్రాసౌండ్ చేయించి నేను పక్కన నిలబడి చూశాను. నల్లటి నేపథ్యంలో సన్నటి తెల్లని చుక్కలు, చీకటి రాత్రి ఆకాశంలా. కణుపు అలా ఉండదు, థైమస్ అలా ఉంటుంది. థైమస్ పుట్టేది గొంతు దగ్గర, దిగేది ఛాతీలోకి. దారిలో కొంత ఆగిపోవచ్చు. ఈ బాబు కొత్త కణాలన్నీ లేదా చాలా మటుకు ఆ గింజలోంచే వస్తూ ఉండొచ్చు. బయాప్సీతో నా అనుమానం రుజువయ్యేది, బాబు నారుమడి పోయేది. వద్దన్నాను.

థైమస్ సరిగానే ఏర్పడిన పిల్లల్లో గుండె ఆపరేషన్‌కు థైమస్ తీసినా చాలామంది బాగానే పెరుగుతారు, నిజమే. కానీ 1961లో జాక్ మిల్లర్ పుట్టీపుట్టగానే ఎలుక పిల్లల్లో థైమస్ తీసి, లింఫోసైట్లు పడిపోయి అవి ఇన్‌ఫెక్షన్లతో చనిపోవడం చూపించే దాకా, ఇది ఏ పనీ లేని అవయవం అనే అనుకున్నారు. 2023లో బోస్టన్ నుంచి వచ్చిన పరిశీలనలో, పెద్దవాళ్లలో కూడా థైమస్ తీసినవారిలో అయిదేళ్లలో 8.1 శాతం మంది చనిపోతే, అలాంటి ఆపరేషనే అయి థైమస్ ఉన్నవారిలో 2.8 శాతం మంది చనిపోయారు. పరిశీలన కాబట్టి కారణం ఇదేనని గట్టిగా అనలేం. నాకు తెలిసిన గుండె సర్జన్లకు మాత్రం, వీలైతే ఒక పక్కనైనా వదలండి అని అడుగుతూనే ఉన్నాను.

మూడేళ్లకు

మూడేళ్లప్పుడు కాళ్ల మీద ఎర్రటి చుక్కలతో వచ్చాడు. ప్లేట్‌లెట్లు 11,000. ఐటీపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తే సొంత ప్లేట్‌లెట్లను చంపే జబ్బు. థైమస్ చిన్నదైతే, ఒంటి మీద దాడిని ఆపే రెగ్యులేటరీ టి కణాలు కూడా తక్కువే వస్తాయి. పైగా చీలి పెరిగిన గుంపులో సొంత ఒంటిని గుర్తుపట్టేవి ఉంటే అవీ పెరుగుతాయి. ఈ పిల్లల్లో ఇన్‌ఫెక్షన్ల భయం తగ్గాక ఆటోఇమ్యూనిటీ భయం మొదలవుతుందని తల్లికి ముందే చెప్పి ఉన్నాను కాబట్టి, చుక్కలు కనిపించిన సాయంత్రమే తీసుకొచ్చింది.

స్టెరాయిడ్ చవక, మామూలుగా దానితోనే మొదలుపెట్టొచ్చు. కానీ స్టెరాయిడ్ థైమస్‌లో ఎదుగుతున్న కణాలను చంపుతుంది. చిక్కుడు గింజంత ఉన్నదాని మీద ఆ దెబ్బ వేయబుద్ధి కాలేదు. ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇచ్చాం. నాలుగో రోజుకి 68,000, మూడు వారాలకు 1,40,000. అప్పుడు చూసిన టి కణాలు 1,510, నైవ్ 34 శాతం. మొత్తం సంఖ్య ఆ వయసుకు నార్మల్ గీతలోనే ఉంది. నైవ్ కణాలు సగానికి పైగా ఉండాల్సిన వయసు.

ఆపరేషన్‌లో గుండెకు రక్తనాళంగా పెట్టిన గొట్టం, బాబు ఎదిగే కొద్దీ చాలకుండా పోతుంది, ఇంకో ఆపరేషన్ తప్పదు. వచ్చే వేసవికి అనుకుంటున్నారు. ఫైలు అట్ట మీద, టీకాల కార్డు గీసిన ఆ ఎర్ర పెన్నుతోనే రాసి అంటించాను: 'మెడ ఎడమవైపు ఉన్నది కణుపు కాదు, థైమస్. కోయవద్దు. ఛాతీలో థైమస్‌లాంటి ముక్క కనిపిస్తే వదిలేయండి. కాల్షియం చూడండి. రక్తం ఇర్రేడియేట్ చేసినదే.' కింద నా ఫోన్ నంబరు. దాని ఫోటో తండ్రి ఫోన్‌లో కూడా ఉంది.